మోటారు జల్లెడ

“నీ కొలువుకో దండం అని ఓనరు మొహం మీదే చెప్పి వచ్చేశానే!” గుమ్మంలోనే ప్రకటించాడు భర్త.

భార్య ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ ఇసుకలోంచి బంగారం జల్లించడానికి ఆయన సొంతంగా బిగించిన జల్లెడ ఉంది. మంచం చట్రానికి ఇనుప జాలీ, దాన్ని ఊపడానికి పాత ఫ్యాను మోటారు. ఏటి ఇసుక పోసి ఆడిస్తే మోటారు ఇరుసు చుట్టూ ఉన్న ఇత్తడి బుష్ కీచుమని ఒరుసుకునేది, కింది పళ్ళెంలో చిటికెడు పసుపు రంగు రజను రాలేది. ఆయన ధైర్యమంతా ఆ చిటికెడే.

ఆమె పళ్ళెం శుభ్రంగా తుడిచి స్విచ్చి వేసింది. జల్లెడ గజగజ వణికింది. ఆయన ఆత్రంగా పళ్ళెం మీదికి వంగాడు.

“అబ్బో, ఇవాళ మరీ ఎక్కువ పడుతోందే! ఏ రేవు ఇసుక పోశావు?”

“ఇంకా పోయలేదండీ.”