వైరు లేని నాబ్

“మీరు నాబ్ తిప్పినప్పుడల్లా పక్కగదిలో మీ చెల్లెలి చెవుల్లో మోత మోగిందనుకున్నారు కదా? మోగలేదండీ. దానికసలు వైరే లేదు,” అంది పరిశోధకురాలు.

అక్క చెయ్యి ఇంకా నాబ్ మీదే ఉంది. దాన్ని అప్పటికే చివరికంటా తిప్పేసింది.

“మరి ‘మా అక్కకి తన సుఖం తప్ప ఏదీ పట్టదు’ అని మా చెల్లి అందన్నారు?”

“అదీ మేం అల్లిందే. మనసు నొచ్చుకున్నవాళ్లు ఎంతదాకా వెళ్తారో చూడాలని ఇద్దరికీ ఒకే అబద్ధం చెప్పాం. క్షమించండి. నిజం చెప్పకుండా ఎవరినీ గుమ్మం దాటనివ్వకూడదని మా నియమం. ఇకమీదట ఈ గదిలో అబద్ధం ఉండదు. మీరు వద్దంటే మీ ఫలితం చెరిపేస్తాం.”

“చెరిపెయ్యండి,” అంది అక్క. “చిన్నప్పుడు దాన్నెవరైనా ఒక్క మాటంటే మీదపడి రక్కేదాన్ని. ఇవాళ మీరు చెప్పగానే, ‘మా చెల్లి అలా అనదు’ అని నా నోటికెందుకు రాలేదు?”



తలుపు తోసుకుని చెల్లెలు నవ్వుతూ వచ్చింది. “అక్కా, విన్నావా వీళ్ల కథలు! నాకు నా సుఖమే ముఖ్యమని నువ్వన్నావట! మా అక్క చచ్చినా అలా అనదని మొహం మీదే చెప్పేశా. నా గదిలో పెట్టిన నాబ్ ముట్టుకోనే లేదు. నువ్వూ నమ్మలేదు కదూ?”

అక్క చప్పున చెయ్యి తీసేసింది.

“నేనెందుకు నమ్ముతానే!” అంటూ పరిశోధకురాలి కళ్లలోకి చూసింది.

పరిశోధకురాలు తలొంచుకుని, చెల్లెలు చూడకముందే నాబ్‌ని సున్నా దగ్గరికి తిప్పేసింది.