నీలం స్వెటర్

"అలా కాదమ్మాయ్, నిలువుగా ఎత్తుకో. పడుకోబెట్టి ఊపితే వాడికి గిట్టదు," అంది పక్క ఫ్లాట్ పెద్దావిడ, తెరిచి ఉన్న తలుపు దాటి లోపలికి వస్తూ.

ఆమె పిల్లవాణ్ని నిలువుగా ఎత్తుకుంది. పదినెలల వాడు వెన్ను విరుచుకుని గుక్కపట్టాడు. పాలసీసా అప్పటికే రెండుసార్లు నెట్టేశాడు. గిలక్కాయ కోసం ఆమె మూడు సొరుగులు వెతికి, నాలుగోదాంట్లో పట్టుకునేసరికి వాడి మొహం కందిపోయింది.

"మూడు రోజుల్నుంచీ ఇదే వరస పెద్దమ్మగారూ. డాక్టరేమో ఒంట్లో అంతా బాగానే ఉందన్నాడు. రేపటితో నా సెలవు కూడా అయిపోతుంది."

"ఒంట్లో ఏముంటుంది? బెంగ. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో పసివాడున్నట్టే తెలిసేది కాదు. పొద్దస్తమానం చంకలోనేగా."

ఆవిడ ఊసు వినీ వినీ ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. నా చేతులకేమైనా ముళ్ళున్నాయా అనుకుంది.

"వీడు మొదటిసారి 'అమ్మా' అన్నప్పుడు నేనిక్కడే ఉన్నా," గిలక్కాయ ఆడిస్తూనే పెద్దావిడ చురక అంటించింది. "ఆవిడ మెడ పట్టుకుని అన్నాడు. పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మర్నాడే పెట్టేబేడా సర్దుకోమన్నారు. పెద్దవాళ్ళ కోపాలు పెద్దవాళ్ళవి, మధ్యలో వీడేం చేశాడు?"

"అయిపోయినదాని గురించి ఎందుకండీ? వీణ్ని ఊరుకోబెట్టే దారేదైనా ఉంటే చెప్పండి."

"ఉంది. నీకు నచ్చదు."

పెద్దావిడ తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న నీలం స్వెటర్ చూపించింది. మోచేతుల దగ్గర అతుకులు. వెళ్ళే తొందరలో ఆవిడ మరిచిపోయిన స్వెటర్ అది.

"అది వేసుకో. ముందు ఆ సెంటు కడుక్కుని రా. పసివాళ్ళకి కళ్ళకన్నా ముక్కే ముందు."

ఆమె మొహం మాడిపోయింది. దాన్ని చెత్తబుట్టలో పడేయాలని మూడు రోజులుగా అనుకుంటూనే ఉంది. కానీ పిల్లవాడి గొంతు బొంగురుపోయింది, ఊపిరి తిప్పుకోలేకపోతున్నాడు. ఇక పంతం వదిలేసింది. వాణ్ని పెద్దావిడ చేతికిచ్చి, మెడా చేతులూ సబ్బుతో రుద్దుకుని వచ్చి, స్వెటర్ తొడుక్కుంది. పాల వాసన, వంటింటి వాసన.

ఎత్తుకోగానే వాడి ఏడుపు మధ్యలోనే ఆగింది. భుజం మీద ముక్కు రుద్దాడు. రెండుసార్లు వెక్కి, ఉన్ని పిడికిట్లో బిగించి, కళ్ళు మూతలు పడుతుండగా "అమ్మా" అన్నాడు.

"చూశావా," అని గొంతు తగ్గించి, పెద్దావిడ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఆమె కదల్లేదు. కదిలితే వాడు కళ్ళు తెరుస్తాడు, తెరిస్తే తన మొహం చూస్తాడు. ఆ మాట ఇంత దగ్గరగా వినడం ఆమెకు అదే మొదటిసారి.

స్వెటర్ ఆయాది, పిలుపూ ఆయాదే. కన్నది మాత్రం తను.