అన్న పేరు మీద స్కాను

తన తొడలో గడ్డకు తమ్ముడి తొడ స్కాను తీయించాలన్న ఉపాయం తట్టగానే, ఓడ ఇంజనీరు తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఆ గడ్డ కంపెనీ డాక్టరు చేతికి తగిలింది. ఎమ్మారై రిపోర్టు బాగుంటేనే ఓడ ఎక్కనిస్తానన్నాడు. గడ్డ సంగతి తేల్చుకోవాలన్న కోరిక ఇంజనీరుకు బొత్తిగా లేదు. తేలితే ఉద్యోగం ఊడుతుందన్న భయం మాత్రం దండిగా ఉంది.

దర్జీ పని చేసే తమ్ముడిది అచ్చం అన్న పోలికే. వాడి ముఖం ఇన్నాళ్లకు ఒక పనికొచ్చింది.

"నాకెందుకన్నయ్యా ఈ దొంగపని? పట్టుకుంటేనో?" అన్నాడు తమ్ముడు కుట్టు మిషను ఆపి.

"నా కార్డు చూపించి, కదలకుండా పడుకోవడమేరా! చిన్నప్పట్నుంచీ నీకు బాగా వచ్చిన పని అదొక్కటేగా!"

అన్న మాట జవదాటడం చేతకాని తమ్ముడు వెళ్లి, పడుకుని వచ్చాడు.

మర్నాడు స్కానింగ్ సెంటరు డాక్టరమ్మ ఫోను చేసి రమ్మంది. ఇంజనీరు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్లాడు.

ఆవిడ తెర మీద తొడ కండరాలు చూపించింది. వాటి లోతుల్లో తెల్లటి ముద్ద.

"పెద్దవాళ్లకు కండరాల్లో చాలా అరుదుగా వచ్చే క్యాన్సర్‌లా ఉందండీ. ముక్క తీసి పరీక్షించాలి. ఇంకా చిన్నదే, ఆలస్యం చేయకూడదు."

ఇంజనీరుకు ఒళ్లు మండిపోయింది. తన కార్డుతో తమ్ముణ్ణి పంపిన పెద్దమనిషికి న్యాయం, ధర్మం ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"ఎవరి స్కానో నా పేరు మీద పెట్టారు! జనం ప్రాణాలతో ఆటలా? నా గడ్డ పైకే తెలుస్తుంది, కావాలంటే చూసుకోండి!"

డాక్టరమ్మ చూసింది. వేళ్లతో కదిపింది. జెల్ రాసి, అల్ట్రాసౌండ్ కూడా చేసింది.

"ఇది చర్మం కింద ఉత్త కొవ్వు గడ్డ. ఉన్నా నష్టం లేదు."

"అంటే నాకు క్యాన్సర్ లేదన్నమాట!" ఇంజనీరు ముఖం వెలిగిపోయింది. "చూశారా, నేను చెప్పలేదూ!"

"మీకు లేదు" అంది ఆవిడ, తెర వైపు తిరిగి. "నిన్న మేం తీసిన తొడ స్కాను ఇదొక్కటే. మీ బదులు ఇక్కడ ఎవర్ని పడుకోబెట్టారో, ముందు ఆయన్ని పిలిపించండి."