పిడుగు నచ్చని అత్తగారు

"నాకు నచ్చలేదు బాబూ" అన్నారు అత్తగారు.

అల్లుడి చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

అతను అడిగింది 'పిడుగు పిడికిలి' గురించి. లోకమంతా వెర్రెత్తిపోతున్న యానిమే అది, తెలుగు మాటలతోనూ వస్తున్న జపాను బొమ్మల సీరియల్. పిడుగు అనే పదహారేళ్ళ కుర్రాడు కొండల్ని గుద్ది పిండి చేస్తుంటాడు. గుద్దే ముందు అరుస్తాడు. గుద్దాక కూడా అరుస్తాడు. బస్సుల మీద వాడి బొమ్మే, బనియన్ల మీద వాడి బొమ్మే.

అల్లుడు పళ్ళ డాక్టరు. ఆరడుగుల మనిషి, నలభైకి దగ్గరపడ్డాడు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళని కుర్చీలో పడుకోబెట్టి, ముందు పిడుగు కథ చెప్పి, ఆ తర్వాతే మత్తిస్తాడు. కొందరికి మత్తు అవసరం కూడా పడదని వాళ్ళావిడ అంటుంటుంది.

అత్తగారు వచ్చింది కూతురి పురిటికి. నెలలు నిండాయి. తొలి కాన్పు కావడంతో అమ్మాయికి ఒకటే దడ. నువ్వు పక్కనుంటే ఎంత నొప్పయినా ఓర్చుకుంటానమ్మా అని ఫోన్లో ఏడిచేసరికి, ఏదో కంపెనీలో అనువాదాల పని చేసే ఆవిడ సెలవు పెట్టి, బ్యాగు సర్దుకుని వచ్చేశారు. మనిషి మహా నెమ్మది. పక్క గదిలో ఉన్నారో లేదో కూడా తెలియదు. అల్లుణ్ణి "మీరు", "బాబూ" అనడమే తప్ప ఇంకోలా పిలిచి ఎరగరు.

అలాంటి మనిషి నోట అలాంటి మాట వస్తుందని అల్లుడు కలలో కూడా అనుకోలేదు. అయినా సర్దుకున్నాడు. యానిమే నచ్చకపోతే పోనీ, అసలు మజా అంతా మాంగాలోనే, అంటే ఆ బొమ్మల పుస్తకాల్లోనే ఉందని చెప్పి, చెయ్యి కడుక్కుని మరీ అలమార తెరిచాడు. అందులో ఉండాల్సిన చీరలు ఎప్పుడో మంచం కిందికి వెళ్ళిపోయాయి. అలమార నిండా పిడుగు పుస్తకాలే.

"పుస్తకం ఇంకా ఘోరం. ఒక్కో అరుపు రెండేసి పేజీలు. రాసేవాడికేం, గీకి పారేస్తాడు" అన్నారు అత్తగారు.

అంతే, అల్లుడు అలిగాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపించడం కోడళ్ళ వంతు. ఈ అల్లుడు మాత్రం పేషెంట్ల పళ్ళ మీద చూపించాడు. పొద్దున్నించి పీకినవన్నీ పీకి, ఇంటికొచ్చి ఒక ప్రకటన చేశాడు. పిడుగుని కాదన్నవాళ్ళ గాలి పుట్టబోయే బిడ్డకి సోకకూడదట. కాన్పు రోజున అత్తయ్యగారు ఆసుపత్రి ఛాయలకి కూడా రావడానికి వీల్లేదట.

అమ్మాయి పగలబడి నవ్వింది. మొగుడు నవ్వడం లేదని చూసి, ఏడుపు లంకించుకుంది.

చివరికి ఆ పిల్లే రాజీ కుదిర్చింది. అమ్మ ఒక్క ఎపిసోడు మొత్తం చూడాలి. చూస్తున్నంతసేపూ నోరు మెదపకూడదు. అలా చూస్తే ఆసుపత్రికి రావచ్చు. కూతురి కోసం అత్తగారు సరేనన్నారు.

టీవీ పెట్టారు. పిడుగు గాల్లోకి ఎగిరాడు. ఎగిరినవాడు దిగడు. పిడికిలి బిగించి అరుస్తూనే ఉన్నాడు. మబ్బులు చీలిపోయాయి, సముద్రం వెనక్కి పోయింది, ఆ అరుపు మాత్రం ఆగలేదు. అల్లుడు కళ్ళు తుడుచుకున్నాడు. అత్తగారు చేత్తో గొంతు తడుముకుంటూ కూర్చున్నారు. బలవంతాన ఆపుకున్నారు గానీ, ఎంతసేపని ఆపుకుంటారు?

"అంతసేపు అరిపించకూడదు. గొంతు పోతుంది" అనేశారు.

"అది గొంతు కాదు అత్తయ్యగారూ, ఆత్మ" అన్నాడు అల్లుడు పళ్ళు కొరుకుతూ.

"ఆత్మకైనా మధ్యలో గుక్కెడు మంచినీళ్ళివ్వాలి కదా బాబూ."

అల్లుడు టీవీ కట్టేశాడు. మర్నాటి బస్సుకి అత్తగారికి టికెట్టు తీశాడు.

పొద్దున్నే బ్యాగు గుమ్మంలోకి వచ్చింది. అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుని వదల్లేదు. అల్లుడు కారు తాళాలు తీసుకుని, బస్సుకి టైమైందని తొందరపెడుతున్నాడు. ఇంతలో అమ్మాయి పట్టుకున్న చెయ్యి వదలకుండానే మెలితిరిగిపోయింది. నొప్పులు మొదలయ్యాయి.

ఆంబులెన్సుకి ఫోన్ చేస్తే ట్రాఫిక్‌లో ఇరుక్కుందన్నారు. ఇక కారే గతి. అత్తగారికి నడపడం రాదు. కూతుర్ని పొదివి పట్టుకుని మెట్లు దింపి, కారు వెనక సీట్లో పడుకోబెట్టి తిరిగి చూశారు. అల్లుడు రాలేదు. మెట్ల మీదే కూలబడి ఉన్నాడు. ఎంతమంది నోళ్ళలో నెత్తురు చూశాడో లెక్కలేదు గానీ, పెళ్ళాం మూలుగు వినేసరికి కాళ్ళు చచ్చుబడిపోయాయి.

"లేవండి బాబూ. అమ్మాయి తట్టుకోలేకపోతోంది" అన్నారు అత్తగారు.

వినిపించినట్టు లేదు. ఆవిడ భుజం పట్టి కుదిపారు. మొహాన నీళ్ళు చల్లారు. బతిమాలారు. అల్లుడు నీళ్ళు కారుతున్న మొహంతో ఆవిడ వైపు చూసి, నా వల్ల కాదండీ అని గొణిగాడు.

కారులోంచి అమ్మాయి కెవ్వుమంది. అత్తగారికి పై ప్రాణాలు పైనే పోయాయి. కాసేపు ఇలాగే ఉంటే తల్లీ బిడ్డా ఏమైపోతారో అనిపించింది.

ఆవిడ వీధి అటూ ఇటూ చూసి, కన్నకూతురికి కూడా చెప్పనని కంపెనీకి రాసిచ్చిన మాట పక్కన పెట్టి, పొట్ట నిండా గాలి పీల్చి, ఎదురింటి కిటికీలు అదిరేలా "లేవరా, కారు తియ్!" అని అరిచారు, ఇన్నేళ్ళుగా స్టూడియోలో మైకు ముందు నిలబడి పిడుగుకి అరువిస్తున్న ఆ పదహారేళ్ళ గొంతుతో.