స్వెట్టర్ జేబులో చీటీ

తన పద్దెనిమిది నెలల కూతురి మీద ఎవరో కన్నేసి ఉంచారని, ఆ సాయంత్రం పాప స్వెట్టర్ విప్పుతుంటే ఆమెకు తెలిసింది.

జేబులో నాలుగు మడతల చీటీ ఉంది.

‘పాపను రోజూ చూస్తున్నాను. పేరు పెట్టి పిలిస్తే తిరగడం లేదు. దేన్నీ వేలితో చూపించడం లేదు. చెవులు వినబడుతున్నాయి, గంట మోగితే చూస్తోంది. పిల్లల డాక్టరుకు చూపించండి. ఆలస్యం చేయకండి.’

కింద సంతకం లేదు.

భర్త రెండుసార్లు చదివాడు. “ఎవడు వీడు?”

“ఇలా తే,” అని అత్తగారు కళ్లజోడు తగిలించుకుంది. చదివి తేలిగ్గా పక్కన పడేసింది. “నువ్వు మూడేళ్లకు గానీ నోరు విప్పలేదు. విప్పాక ఇంతవరకు మూయలేదు. మాటలు అవే వస్తాయి.”

“మధ్యలో నేనెందుకమ్మా?”

“బుల్లీ,” అని పాపను పిలిచింది తల్లి.

బుల్లి నేల మీద సీసా మూతలు వరసగా పేరుస్తోంది. తిరగలేదు.

“బుల్లీ,” అన్నాడు తండ్రి.

“బుల్లెమ్మా,” అంది నాయనమ్మ.

మూతల వరస మంచం కిందికి సాగిపోయింది. అత్తగారు పక్కన పడేసిన చీటీని మళ్లీ చేతిలోకి తీసుకుంది.

ఆమె నెల రోజులుగా ఇది చూస్తూనే ఉంది. చూసి, చూడనట్టు ఊరుకుంది. ఎవరికీ తెలియదనుకున్నది ఎవరికో తెలిసిపోయింది. భయం కంటే ముందు కోపం వచ్చింది.

ఆమె యూనిఫారాలు కుట్టే కంపెనీలో గుడ్డ కత్తిరిస్తుంది. కంపెనీ మూడో అంతస్తులో, ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే క్రెష్ ఆరో అంతస్తులో. మర్నాడు తిన్నగా ఆరో అంతస్తుకు వెళ్లి ఆయాను నిలదీసింది.

“నేనా? నా సంతకానికే నాకు పావుగంట పడుతుందమ్మా,” అంది ఆయా. తర్వాత గొంతు తగ్గించింది. “నిన్న పిల్లల్ని కిందికి తెస్తుంటే, లిఫ్టులో గోడ మన పాప స్వెట్టర్ సర్దాడు.”

గోడ అంటే లిఫ్ట్ ఆపరేటర్. నలభై అయిదేళ్లుంటాయి. ఎవరి ముఖమూ చూడడు. మీటల వైపు చూస్తూనే అంతస్తు అడుగుతాడు, మీటల వైపు చూస్తూనే నమస్కారం పెడతాడు. ఆ పేరు బిల్డింగంతా కలిసి ఖాయం చేసింది.

ఆమె లిఫ్టులోనే అడిగేసింది. “మా పాప జేబులో చీటీ పెట్టింది మీరేనా?”

“మూడో అంతస్తు,” అన్నాడతను తలుపు తీస్తూ.

“నేనడిగింది అది కాదు.”

“మూడో అంతస్తు, మేడం.”

ఆ రోజు ఆమె పద్నాలుగు చొక్కాలకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. మధ్యాహ్నం మేనేజరుకు ఫిర్యాదు రాసిచ్చింది. మర్నాటి నుంచి గోడను వెనకవైపు సరుకుల లిఫ్టుకు మార్చేశారు.

చీటీని మాత్రం చించలేకపోయింది.

శనివారం పిల్లల డాక్టరు బుల్లికి చెవుల పరీక్ష చేయించింది. గంటసేపు నేల మీద కూర్చుని పాపతో ఆడింది.

“చెవులు బాగున్నాయి. ఆటిజం లక్షణాలు కనిపిస్తున్నాయి,” అంది.

“నేను పనికి వెళ్లడం వల్లా?”

“కాదమ్మా. నీ పనికీ దీనికీ సంబంధం లేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. మాటలు వస్తాయిలే అని చాలామంది నాలుగేళ్లు నిండాక తెస్తారు. మీరు ఇంత తొందరగా ఎలా కనిపెట్టారు?”

ఆమె సంచిలో ఉన్న చీటీని వేళ్లతో తడిమింది.

అప్పటి నుంచి ఇల్లంతా ఆటస్థలమైంది. వారానికి మూడు రోజులు థెరపీ, మిగతా రోజులు ఇంట్లో అదే పని. సబ్బు బుడగలు ఊది ఆపేయాలి. బుల్లి తలెత్తి ముఖంలోకి చూస్తేనే మళ్లీ ఊదాలి. అందులో అత్తగారిని కొట్టినవాళ్లు లేరు.

“వీడికి చిన్నప్పుడు ఇన్ని బుడగలు ఊది ఉంటే ఈపాటికి మంత్రి అయ్యేవాడు,” అంది ఆయాసపడుతూ.

“మళ్లీ నేనేనా?”

బుల్లి నవ్వింది. ఎందుకో ఎవరికీ తెలియదు. ముగ్గురూ నవ్వారు.

అయిదో నెలలో ఒక సాయంత్రం, కొత్త తానుల రంగు సరిచూడటానికి ఆమె పాపను ఎత్తుకుని బిల్డింగు వెనక్కి వెళ్లింది. సరుకుల లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల గోడ ఉన్నాడు.

బుల్లి చెయ్యి చాపింది.

చెయ్యి కాదు, వేలు. అతని వైపు చూపించి, వెనక్కి తిరిగి తల్లి కళ్లలోకి చూసింది. చూశావా అన్నట్టు.

ఆమె అక్కడ దించిన గుడ్డ తానుల మీదే కూర్చుని ఇంటికి ఫోన్ చేసింది.

“అత్తయ్యా, బుల్లి వేలితో చూపించింది.”

“ఏ వేలు?”

“చూపుడు వేలు.”

“నేను లేనప్పుడే చూపించాలా దానికి,” అంది అత్తగారు. తర్వాత ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

ఆమె కళ్లు తుడుచుకుని లిఫ్టు దగ్గరికి వెళ్లింది.

“మీ మీద ఫిర్యాదు రాసింది నేనే. క్షమించమని అడగడానికి అయిదు నెలలు పట్టింది. ఇప్పుడైనా నిజం చెప్పండి.”

అతను మీటల వైపు చూస్తూనే చెప్పాడు.

“రాసింది నేనే, మేడం. అడక్కుండా పాప జేబులో చెయ్యి పెట్టడం తప్పే. ఎదురుగా చెప్పడం నాకు రాదు, మనుషుల ముఖం చూస్తే మాట పోతుంది. నేను ఆరేళ్ల దాకా మాట్లాడలేదు. మొండి అన్నారు, పొగరు అన్నారు. అది ఆటిజమని పోయిన ఏడాదే ఒక డాక్టరు చెప్పాడు. ఇంటికెళ్లి మా అమ్మకు చెప్పాను. ‘నీలో తేడా మన వీధిలో అందరూ చూశార్రా, నేను బాధపడతానని ఒక్కరూ నాతో అనలేదు’ అంది. మీరు బాధపడతారని తెలిసే రాశాను, మేడం.”