కోట తలుపు దగ్గర కాపలావాడు

"చేపని తలుపుకి రుద్దితే తెరుచుకోదు బాబూ," అన్నారు రైల్లో పక్క సీటు పెద్దాయన.

చెవులాయన ఉలిక్కిపడి ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు.

అసలు పేరు వేరే ఉంది గానీ, చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాడు కాబట్టి ఇంటా బయటా అందరికీ అతను చెవులాయనే. రోజంతా జనానికి హెడ్‌ఫోన్లు తగిలించి "వినిపిస్తోందా? ఇప్పుడో?" అని అడగడమే ఉద్యోగం. అందుకే రైల్లో ఉన్న ముప్పావుగంటా చీమ చిటుక్కుమన్నా అతనికి గిట్టదు.

పైగా ఆ ముప్పావుగంటలోనే అతని పరువు తేలాలి.

చిన్నప్పుడు అతనూ అక్కా కంప్యూటర్లో ఒక కోట ఆట ఆడేవాళ్ళు. దొరికిన ప్రతి వస్తువూ జేబులో వేసుకుని, కనబడిన ప్రతివాణ్ణీ పలకరించి, చిక్కుముళ్ళు విప్పుకుంటూ పోవాలి. అన్నీ దాటారు. కోట తలుపు దగ్గర కాపలా ముసలాడు మాత్రం కదల్లేదు. మిగతావాళ్ళు మాట్లాడితే కింద అక్షరాలొస్తాయి. వీడు నోరాడిస్తే వచ్చేవి చుక్కలే. పాతికేళ్ళుగా అక్కాతమ్ముళ్ళకి వీడు చుక్కలే చూపిస్తున్నాడు.

మొన్న ఆ ఆట ఇంటర్నెట్‌లో మళ్ళీ దొరికింది. అక్కకీ దొరికింది. వెంటనే పందెం. ఆదివారంలోగా ఎవరు తలుపు దాటితే వాళ్ళే తెలివైనవాళ్ళని రెండోవాళ్ళు అమ్మ ముందు ఒప్పుకోవాలి. 'ఇంట్లో తెలివంతా అక్కదే' అని అమ్మ అతను పుట్టినప్పట్నుంచీ అంటోంది. ఆ మాట మార్పించడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఇక రాదు.

"చేప పనిచేయదని మీకెలా తెలుసండీ?"

"అందరూ ముందు చేపే రుద్దుతారు." పెద్దాయన నవ్వారు. "అది సరే గానీ, ఈ వారం నాకు తెగ నచ్చిన పాట ఒకటుంది బాబూ. వింటారా?"

హెడ్‌ఫోన్ తీసి అందించబోయారు. మనిషికి డెబ్బై దాటాయి. పాట మాత్రం కుర్రకారు క్లాసు ఎగ్గొట్టి వినే రకం. డబ్బాలో గులకరాళ్ళు పోసి గిలక్కొట్టినట్టు ఆ చప్పుడు బయటికే వినిపిస్తోంది.

"తర్వాత వింటానండి."

మర్నాడు ఇంకో పాట.

"మధ్యలో ఆ అమ్మాయి ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది బాబూ. అక్కడ ప్రాణం లేచొస్తుందనుకోండి!"

"రోజంతా నాకు చెవులతోనే పనండీ. నన్నొదిలెయ్యండి."

ఆయన వదల్లేదు.

బుధవారం చెవులాయన కాపలావాడి మీద నిచ్చెన, దుప్పటి, బతికున్న కోడి వరసగా ప్రయోగించాడు. వాడు నోరాడించాడు. చెవులాయన విసుక్కుని మీట నొక్కి దాటించేశాడు.

"అయ్యో! మధ్యలో దాటించేస్తే ఎలా? ఆయన చెప్పేదేదో పూర్తిగా విననివ్వండి."

"ఏం చెబుతాడండీ, వాడి మొహం! ఒట్టి దండగమనిషి. ఊరికే నోరాడించడం తప్ప ఏమీ చేతకాదు."

పెద్దాయన మొహం చిన్నబోయింది. అంతలోనే పకపకా నవ్వేశారు.

"నిజమే బాబూ, వాడికదొక్కటే చేతనవును."

శుక్రవారం ఆయన బ్యాగు సర్దుకుంటూ అన్నారు.

"సోమవారం నుంచి నేనీ బండికి రాను. మా అమ్మాయివాళ్ళు ఊరు మారుతున్నారు, వాళ్ళతో నేనూను. ఇవాళైనా ఒక్క పాట?"

"అలాగా! మంచిదండీ," అన్నాడు చెవులాయన తలెత్తకుండా. అప్పుడతను కోడిని రెండోసారి చూపిస్తున్నాడు.

పెద్దాయన తన స్టేషన్లో దిగి, కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి ఊపారు. ఇతను పేరైనా అడగలేదు.

ఆదివారం అక్క ఇంటికెళ్ళాడు. అక్క మొహం చూడగానే ప్రాణం కుదుటపడింది. తనూ దాటలేదు.

"నా దగ్గర కోడి కూడా అయిపోయిందిరా," అంది అక్క.

సోఫాలో కూర్చున్న అమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"శబ్దం పెట్టి చూశారా?"

"దీనికి శబ్దమెక్కడిదమ్మా? మన కంప్యూటర్లో ఎప్పుడైనా విన్నామా?" అన్నాడు చెవులాయన.

"ఎలా వింటారు? మీరు చదువుకోకుండా ఆడుకుంటున్నారని స్పీకర్లు పీకి అటక మీద దాచింది నేనేగా!"

అక్కాతమ్ముళ్ళు మొహామొహాలు చూసుకున్నారు. అక్క ఆఫీసులో మేనేజరు కళ్ళుగప్పి ఆడింది, తమ్ముడు రైల్లో ఆడాడు. ఇద్దరూ శబ్దం కట్టేసే ఆడారు.

"తెలివి ఎవరిదో తేలిందిగా," అంది అమ్మ కాలు మీద కాలేసుకుంటూ.

అక్క గబగబా స్పీకర్లు తగిలించింది. కాపలావాడు నోరు తెరిచాడు.

చెవులాయన చేతిలోంచి మౌస్ జారిపోయింది. గొంతు పాతికేళ్ళు చిన్నది, అంతే తేడా.

"ఈ వారం నాకు తెగ నచ్చిన పాట ఒకటుంది బాబూ," అన్నారు పెద్దాయన, కోట తలుపు ముందు నిలబడి, "వింటారా?"