ఆయనొక్కరి కోసం

"ఇక్కడ అమెరికాలో ఒక్క నర్సుకిచ్చే డబ్బుతో బందరులో వంటమనిషి, ఆయా, డ్రైవరు ముగ్గురొస్తారండీ. అందుకే రిటైరై వెళ్ళిపోతున్నాం," అంటున్నాడు దైవాశీర్వాదం, పార్సిప్పనీలో తమ ఇంటికి వీడ్కోలు ప్రార్థనకు వచ్చినవాళ్ళతో.

పాస్టరుగారు బైబిలు మూశారు. "దంపతుల ప్రయాణం కోసం ప్రార్థన చేద్దాం."

"ఆయనొక్కరి కోసమే చెయ్యండి అయ్యగారూ. నేను వెళ్ళటం లేదు," అంది ఆయన భార్య దీనమ్మ.

"మరి నన్నెవరు చూస్తారే?" అని గొణిగాడు దైవాశీర్వాదం.

"డబ్బు పడేస్తే ఆయా చూస్తుంది," అంది ఆయనకే వినబడేలా. "మా అమ్మ మంచాన పడిందని ట్రంకాల్ వస్తే, నన్ను కదలనివ్వకుండా మీరన్న మాటే."

అందరూ కళ్ళు మూసుకున్నారు. పాస్టరుగారు ఆయన ఒంటరి ప్రయాణాన్ని ప్రభువుకు అప్పగించి ముగించారు. "ఆమెన్," అన్నారంతా. చిన్ననాటి అలవాటు కొద్దీ దైవాశీర్వాదం కూడా "ఆమెన్" అనేశాడు.

దీనమ్మ చెవి ఒగ్గి కూర్చున్నది ఆ గొంతు కోసమే.